ముందు ఎగరడం, తరవాత కొనడం

ఇంట్లో బల్ల మీదున్న కంప్యూటర్‌లో విమానం నడపడం పేరుకి సరదాయే. కానీ అందులో దిగినవాళ్లు దాన్ని ఆషామాషీగా తీసుకోరు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కానివ్వండి, ఎక్స్-ప్లేన్ కానివ్వండి, ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ కానివ్వండి, ఏది తెరిచినా గాలివాటం, బరువు, ఇంధనం, ఇంజన్ పరిస్థితి అన్నీ లెక్కలోకి వస్తాయి. వేగం మరీ తగ్గనిస్తే విమానం పట్టు తప్పి కిందికి జారుతుంది. ఈ సిమ్యులేటర్ల చుట్టూ యాడ్-ఆన్‌ల అంగడి పెద్దదే వెలిసింది. విడిగా అమ్మే విమానాలు, అచ్చం అసలుదానిలా కనిపించే విమానాశ్రయాలు, మబ్బులు, మ్యాపులు, చేతికి పట్టుకునే యోక్‌లు, కాలికింద పెట్టుకునే పెడల్స్, ఒకటేమిటి. అందుకే కొత్తవాళ్లు మొట్టమొదట వేసే ప్రశ్న “ఏం కొనాలి?” అని. ఈవేళ నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. అది మొదటి ప్రశ్న కాకూడదు. సిమ్యులేటర్‌తోపాటే వచ్చే చిన్న విమానంతో రన్‌వే చుట్టూ ఒక్క చుట్టు తిరిగి సవ్యంగా దిగడం వచ్చేదాకా, ఒక జాయ్‌స్టిక్ తప్ప యాడ్-ఆన్‌ల మీద పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. అది వచ్చాక, ఏం కొనాలో ఇంకొకర్ని అడగాల్సిన అవసరం రాదు. పొదుపు కోసం చెప్పే మాట కాదిది. సిమ్యులేటర్ల తొంభై ఏళ్ల పైచిలుకు చరిత్రంతా ఈ మాటకే సాక్ష్యం చెబుతుంది.

ఆ చరిత్ర మొదలు చూడండి. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్ అనే ఊళ్లో ఎడ్విన్ లింక్ అనే ఆయన ఉండేవాడు. వాళ్లది ఆర్గన్లు, పియానోలు చేసే కుటుంబం. ఆర్గన్‌లోకి గాలి ఊదే తిత్తుల్నే వాడుకుని 1929లో ఆయన ఒక శిక్షణ యంత్రం తయారుచేశాడు. చూడ్డానికి పొట్టి రెక్కలు తగిలించిన పెట్టె. శిష్యుడు లోపల కూర్చుని పైన మూత వేసుకుంటే బయటి లోకం బొత్తిగా కనపడదు. వేగం, ఎత్తు, దిక్కు చూపించే ముళ్లు మాత్రం కళ్లముందు ఉంటాయి. మొదట్లో దీన్ని ఎక్కువగా కొన్నది వినోదపు పార్కులవాళ్లు. 1934లో అమెరికా ప్రభుత్వం విమానాల్లో టపా చేరవేసే పని సైన్యానికి అప్పగించింది. మబ్బుల్లో, చీకట్లో పరికరాలు చూసి నడిపే అలవాటు ఆ పైలట్లకు అంతగా లేదు. కొద్ది వారాల్లో డజను మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు సైన్యానికి లింక్ పెట్టె గుర్తొచ్చింది, ఆరు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి లక్షల మంది వైమానికులు ఆ పెట్టెలో కూర్చుని నేర్చుకున్నవాళ్లే. ఇక్కడ మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ యంత్రంలో మబ్బుల్లేవు, నదుల్లేవు, ఊళ్లు లేవు, అసలు కిటికీలో బొమ్మే లేదు. అయినా అది మనుషుల ప్రాణాలు కాపాడింది. ఎందుకంటే అది నేర్పింది ఒక క్రమం. ఏ ముల్లును ఎప్పుడు చూడాలి, చూసి చేతిని ఎంత కదపాలి, కదిపాక మళ్లీ ఏం చూడాలి అన్న క్రమం.

కంప్యూటర్ తెర మీదికి విమానం వచ్చింది ఆ తరవాత చాలా కాలానికి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఆర్ట్‌విక్ అనే విద్యార్థి 1975లో తన థీసిస్‌కి కంప్యూటర్ గీసే విమాన దృశ్యాన్ని విషయంగా ఎంచుకున్నాడు. 1980 ప్రాంతంలో ఆయన ఆపిల్-2 కంప్యూటర్ కోసం చేసిన సిమ్యులేటర్‌లో నేలంటే కొన్ని గీతలే. 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో వచ్చింది ఆ వంశంలోదే. అదే విశ్వవిద్యాలయంలో 1990లలో పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. కొంతమంది శిష్యులకు పరికరాలు చూసి నడిపే పాఠాలు ముందు మామూలు కంప్యూటర్ మీద చెప్పి, ఆపైన విమానంలో నేర్పారు. ఇంకొంతమందికి మొత్తం విమానంలోనే నేర్పారు. తేలింది ఏమిటంటే, కొత్త పాఠం మొదలుపెట్టేటప్పుడు కంప్యూటర్ సాధన, విమానంలో గడపాల్సిన కాలాన్ని బాగా తగ్గించింది. అప్పటికే వచ్చిన పాఠాన్ని మళ్లీ మళ్లీ చేయడానికి మాత్రం అంతగా అక్కరకు రాలేదు. ఇవాళ అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ, పరికరాలు చూసి నడిపే అర్హతకి, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి కావలసిన గంటల్లో తాను అనుమతించిన ప్రాథమిక శిక్షణ పరికరం మీద 10 గంటలు, అంతకన్నా మెరుగైన దాని మీద 20 గంటల దాకా లెక్కలో వేస్తుంది. మన ఇంటి బల్ల మీది కంప్యూటర్‌కి ఆ అనుమతి ఉండదనుకోండి. అయినా సిమ్యులేటర్ విలువ ఎక్కడుందో ఈ లెక్క చెబుతూనే ఉంది. కొత్త క్రమాన్ని ఒంటబట్టించుకోవడంలో ఉంది. కొత్తగా చేరినవారికి అన్నీ కొత్త పాఠాలే కాబట్టి, అందరికన్నా ఎక్కువ లాభం వారిదే. చేతిలో ఉన్న విమానమే అందుకు చాలు.

ఆ చేతిలో ఉన్న విమానం ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. మైక్రోసాఫ్ట్‌దైనా ఎక్స్-ప్లేన్‌దైనా, సిమ్యులేటర్‌తోపాటే సెస్నా 172 వస్తుంది. నాలుగు సీట్లు, ఒకే ఇంజన్, తల మీద రెక్క. ప్రపంచంలో పైలట్ శిక్షణకి ఎక్కువగా వాడే విమానాల్లో ఇదొకటి. దీన్ని బేగంపేట రన్‌వే మీద పెట్టామనుకోండి. 2008లో శంషాబాద్ మొదలయ్యాక ప్రయాణికుల రాకపోకలు అక్కడికి మారిపోయాయి గాని, సిమ్యులేటర్‌లో బేగంపేట మనకి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇంకా చక్రం కదలకముందే మొదటి పాఠం ఎదురవుతుంది. విమానం నేల మీదే ఉన్నా, ఎత్తు చూపే ఆల్టిమీటర్ 1,740 అడుగుల దగ్గర నిలబడి ఉంటుంది. అది పరికరం తప్పు కాదు. అది చెప్పేది సముద్ర మట్టం నుంచి ఎత్తు, హైదరాబాద్ ఉన్నదేమో దక్కను పీఠభూమి మీద. కాబట్టి నేలకి వెయ్యి అడుగుల ఎత్తున చుట్టు తిరగాలంటే ముల్లు 2,740 చూపించాలి. విశాఖపట్నం వెళ్లి ఇదే చుట్టు తిరిగితే వెయ్యికి కాస్త పైన చాలు. ఈ సంగతి తెలియనివాళ్లు ఎంత అందమైన విమానాశ్రయం కొనుక్కున్నా దాని మీదుగా తప్పుడు ఎత్తులోనే తిరుగుతారు.

ఇప్పుడు తొమ్మిదో నంబరు రన్‌వే మీద, అంటే తూర్పు ముఖంగా, ఇంజన్ శక్తిని పెంచే థ్రాటిల్ పూర్తిగా ముందుకు తోయండి. విమానం తిన్నగా పోదు, ముక్కు ఎడమకి లాగుతుంది. ప్రొపెల్లర్ తిరిగే తీరు వల్ల వచ్చే లాగుడు అది. ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్‌ని కుడికి నొక్కి సరిదిద్దాలి. పెడల్స్ లేకపోతే చేత్తో మెలితిప్పే జాయ్‌స్టిక్ చాలు. 55 నాట్ల దగ్గర ముక్కు మెల్లగా లేపి, 74 నాట్ల దగ్గర ఆ వేగాన్ని నిలబెట్టుకుంటూ పైకి పోవాలి. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, మన లెక్కలో 1.85 కిలోమీటర్లు. కుడిచేతి వైపు హుస్సేన్ సాగర్ కనిపిస్తుంది, అటు చూస్తూ వేగం మరిచిపోకూడదు. ఎడమకి రెండుసార్లు తిరిగితే పడమటి ముఖంగా, రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వస్తుంటారు. తల ఎడమకి తిప్పి చూస్తే రెక్కని మోసే ఏటవాలు కమ్మీ కనిపిస్తుంది. దాని మధ్య భాగంలో రన్‌వే ఆనుకున్నట్టు ఉంటే దూరం సరిగా ఉన్నట్టు. రన్‌వే మొదలు ఎడమ భుజానికి ఎదురుగా వచ్చినప్పుడు ఇంజన్ వేగం నిమిషానికి 1,500 చుట్లకి తగ్గించి, రెక్క వెనక అంచున ఉండే ఫ్లాప్స్ ఒక మెట్టు దించాలి. మలుపు మలుపుకీ ఇంకో మెట్టు. చివరికి రన్‌వేకి ఎదురుగా వచ్చేసరికి వేగం 65 నాట్లు, నిమిషానికి దాదాపు 350 అడుగుల చొప్పున దిగడం. ఇదంతా అయిదారు నిమిషాల పని. మొదట్లో ఇందులో ఏ అంకె నిలవదు. ఎత్తు చూసుకుంటే వేగం పోతుంది, వేగం చూసుకుంటే దిక్కు తప్పుతుంది. అన్నీ ఒక్కచోట కుదిరిన రోజున వాస్తవికత అంటే ఏమిటో తెలుస్తుంది. దానికి మబ్బుల నాణ్యతతో పని లేదు.

ఇక్కడ చాలామంది వేసే ప్రశ్న ఒకటుంది. “మేం ఎక్కేది ఎయిర్‌బస్ 320, నడపాలని కోరిక దాన్నే. ఈ చిన్న విమానం ఎందుకు?” కోరిక సబబైనదే, తప్పు పట్టేది ఏమీ లేదు. పైగా మైక్రోసాఫ్ట్‌దానిలో ఎయిర్‌బస్‌కి ఫ్లైబైవైర్ బృందం చేసినవి, ఎక్స్-ప్లేన్‌లో బోయింగ్ 737కి జిబో పేరుతో తెలిసిన మార్పులు ఉచితంగానే దొరుకుతున్నాయి, అవి కొన్ని కొనుగోలు విమానాలకి ఏమాత్రం తీసిపోవు. కానీ పెద్ద విమానంలో పైలట్ పనిలో చాలా భాగం ఆటోపైలట్‌కి, ఇంజన్ శక్తిని తనంతటతానే సర్దే ఆటోథ్రాటిల్‌కి ఏం చేయాలో చెప్పి, అవి చెప్పినట్టు చేస్తున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండటం. వేగం, ఎత్తు, ఇంజన్ శక్తి మధ్య ఉన్న సంబంధం చేతికి తెలియకుండా ఆ కాపలా కాయడం కుదరదు. ఉదాహరణకి, 2013 జూలై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆసియానా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777 దిగుతోంది. ఆకాశం నిర్మలంగా ఉంది. ఆ రన్‌వేకి దిగే వాలు చూపించే రేడియో సంకేతం ఆ రోజు పనిచేయడం లేదు, కాబట్టి పైలట్లు కంటితో చూసుకుని దించాలి. వేగం సంగతి ఆటోథ్రాటిల్ చూసుకుంటుందనుకున్నారు, అది చూసుకోలేదు. 137 నాట్లు ఉండాల్సిన వేగం 103కి పడిపోయింది. రన్‌వే ముందున్న సముద్రపు గట్టుకి తోక తగిలింది. ముగ్గురు చనిపోయారు. అమెరికా రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలిన కారణాల్లో దిగే తీరుని సరిగా సంబాళించుకోకపోవడం, వేగాన్ని గమనించకపోవడం ఉన్నాయి. వేల గంటలు ఎగిరిన అనుభవజ్ఞులకే ఆ మూలపాఠం అవసరమైనప్పుడు, కొత్తవారు దాన్ని దాటేసి పోవడంలో అర్థం లేదు. సరళీ స్వరాలు రాకముందే కీర్తన పట్టుకుంటే ఏమవుతుందో మనవాళ్లకి వేరే చెప్పాలా? సెస్నాలో ఒక చుట్టు వచ్చినవారికి 737లో వేగం పడిపోతుంటే ఏ ముల్లూ చూడకముందే తెలుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకొంచెం బలమైనది. “సిమ్యులేటర్‌తో వచ్చే విమానాలు నాసిగా ఉంటాయి. నాసి విమానంతో నేర్చుకుంటే నాసి విద్యే వస్తుంది కదా?” అని. ఇందులో నిజం లేకపోలేదు. ఒకప్పుడు సిమ్యులేటర్‌తో వచ్చిన జెట్ విమానాల్లో సగం మీటలు బొమ్మలే, నొక్కితే ఏమీ జరిగేది కాదు. విద్యుత్తు, హైడ్రాలిక్స్, ఇంధన వ్యవస్థలు లోతుగా చూడాలంటే ఈనాటికీ పీఎండీజీ లాంటివారు చేసే విమానాలే మేలు. అయితే సెస్నాలో దాచిపెట్టడానికి అంత యంత్రాంగమే లేదు. ఎక్స్-ప్లేన్ రెక్కని, ప్రొపెల్లర్‌ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద గాలి వేసే బలాన్ని సెకనుకి ఎన్నోసార్లు లెక్క కట్టి కలుపుతుంది. మైక్రోసాఫ్ట్‌ది కూడా ఇప్పుడు ఆ తరహా లెక్కే చేస్తోంది. చుట్టు తిరిగి దిగడానికి ఆ లెక్క ఎక్కువే అవుతుంది గాని తక్కువ కాదు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. యాడ్-ఆన్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఒక సిమ్యులేటర్‌కే కట్టుబడి ఉంటుంది. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ టెన్ కోసం ఏళ్ల తరబడి విమానాలు, విమానాశ్రయాలు కొని పేర్చుకున్నవారు ప్రపంచమంతా ఉన్నారు. 2009లో మైక్రోసాఫ్ట్ దాన్ని చేసిన బృందాన్నే మూసేసింది. 2020లో కొత్త సిమ్యులేటర్ వచ్చేసరికి ఆ పాత సరుకులో చాలా భాగం అందులో పనిచేయలేదు. 65 నాట్ల దగ్గర నిలకడగా దించే చెయ్యి మాత్రం అందులోనూ పనికొచ్చింది, ఎక్స్-ప్లేన్‌లోనూ పనికొస్తుంది.

యాడ్-ఆన్‌లు వద్దని నేను అనడం లేదు, వాటికి ఒక వరస ఉండాలంటున్నాను. మొదటి చేర్పు సాఫ్ట్‌వేరే కాదు, కాగితం. విమానం మాన్యువల్, చెక్‌లిస్ట్ రెండూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. చెక్‌లిస్ట్ అచ్చు తీసి పక్కన పెట్టుకుని వరసగా చదువుతూ చేయండి. మన విమానాశ్రయాల చార్టులు భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగానే పెడుతోంది. రెండోది జాయ్‌స్టిక్. కీబోర్డుతో విమానం సున్నితంగా నడపడం దాదాపు అసాధ్యం కాబట్టి, డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు ఇదే. ఆ తరవాత కంప్యూటర్ సామర్థ్యం. దృశ్యం ఎంత వివరంగా ఉందన్నదానికన్నా, సెకనుకి 30 చిత్రాలు తడబడకుండా రావడం ముఖ్యం. అవి ఎగుడుదిగుడుగా వస్తే చెయ్యి కదిపినదానికి, తెర కదిలినదానికి పొంతన పోతుంది, చక్రాలు నేలని తాకే క్షణం ఏనాటికీ చిక్కదు. కాబట్టి సెట్టింగులు తగ్గించుకోవడానికి మొహమాటపడకండి. అటుపైన మీకు నిజంగా అడ్డం పడుతున్నది ఏదో దాన్ని బట్టి పోవాలి. మలుపుల్లో తల తిప్పి రన్‌వే చూడలేకపోతున్నారా, అయితే తల కదలికని పసిగట్టే హెడ్ ట్రాకర్. పక్కగాలిలో దిగడం కుదరడం లేదా, అయితే రడ్డర్ పెడల్స్. మబ్బుల్లో దారి పట్టడం నేర్చుకుంటున్నారా, అయితే నావిగేషన్ డేటా. నిజం విమానాలు వాడే డేటా 28 రోజులకోసారి మారుతుంది. సరదాగా ఎగిరేవారికి కొన్ని నెలల పాతదైనా పరవాలేదు, చార్టూ డేటా ఒకే కాలానివైతే చాలు. రేడియోలో మాట్లాడే ధైర్యం వచ్చాక 2001లో మొదలైన వ్యాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. అక్కడ ఔత్సాహికులే కంట్రోలర్లుగా కూర్చుని దారి చెబుతారు, దానికి రుసుము లేదు.

ఏ యాడ్-ఆన్ వేసినా ఒక్కసారికి ఒక్కటే వేయండి. ఎక్స్-ప్లేన్‌లో విమానాలు ఎయిర్‌క్రాఫ్ట్ ఫోల్డర్‌లోకి, విమానాశ్రయాలు కస్టమ్ సీనరీ ఫోల్డర్‌లోకి వెళతాయి. మైక్రోసాఫ్ట్‌దానిలో విడిగా తెచ్చుకున్నవి కమ్యూనిటీ ఫోల్డర్‌లో పెడతారు. ఒకేరోజు పది వేస్తే, మర్నాడు సిమ్యులేటర్ మధ్యలో ఆగిపోయినప్పుడు దోషం దేనిదో తేల్చడం కష్టం. కొత్త అప్‌డేట్ వచ్చాక ఇబ్బంది ఎదురైతే కమ్యూనిటీ ఫోల్డర్‌లోవన్నీ పక్కకి తీసి, ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడటం అనుభవజ్ఞులంతా పాటించే పద్ధతి. ఎక్స్-ప్లేన్‌లో సీనరీల వరస కూడా ముఖ్యమే. విమానాశ్రయం పైన, నేల ఫొటోలు కింద ఉండాలి. తిరగబడితే కొన్న విమానాశ్రయం ఫొటోల అడుగున దాక్కుంటుంది, డబ్బు దండగ అయిందనుకుంటారు. దొంగ కాపీల జోలికి మాత్రం పోకండి. వైరస్ భయం సరే, అప్‌డేట్లు రాక అవి ఎప్పుడో ఒకప్పుడు మధ్యలో వదిలేస్తాయి.

చివరి అభ్యంతరం సిమ్యులేటర్ మీదే. “ఎంత చెప్పినా ఇది ఆటే, అసలు విమానం ఎక్కితే ఇవేమీ నిలవవు” అంటారు కొందరు. నిలవనివి ఉన్నాయి, ఒప్పుకుందాం. కుర్చీలో కూర్చున్న ఒంటికి మలుపులో పడే బరువు తెలియదు. అసలు విమానంలో ట్రిమ్ చక్రం తిప్పితే చేతి మీది ఒత్తిడి తగ్గిపోతుంది. మన జాయ్‌స్టిక్‌లో స్ప్రింగు మధ్యకే లాగుతుంది కాబట్టి ఆ అనుభూతి రాదు. సిమ్యులేటర్‌లో పెరిగినవారు కిటికీ వదిలి ముళ్లనే చూస్తూ కూర్చుంటారని శిక్షకులు చేసే ఫిర్యాదు కూడా న్యాయమైనదే. కానీ ఈ లోపాలు ఎంత తెలిస్తే అంత మంచిది. ట్రిమ్ చేస్తూ స్టిక్‌ని కొద్దికొద్దిగా మధ్యకి తెచ్చుకోవడం అలవాటు చేసుకోవచ్చు. అప్పుడప్పుడు వేగం ముల్లు మీద కాగితం అంటించి, ముక్కు ఎంత ఎత్తులో ఉందో, ఇంజన్ చప్పుడు ఎలా ఉందో చూసుకుంటూ దిగి చూడవచ్చు. ఇంకో మాట. ఈ లోపాల్లో ఏదీ కొత్త విమానమో విమానాశ్రయమో కొంటే పోయేది కాదు. ఎంత ఖరీదైన విమానం వేసినా ఒంటి మీద బరువు పడదు. తీరేవి మాత్రం పద్ధతిగా కూర్చుని సాధన చేస్తేనే తీరతాయి. కాబట్టి “ఇది ఆటే” అన్న మాట కూడా చివరికి మనవైపే సాక్ష్యం చెబుతోంది. ఆటని విద్యగా మార్చేది మనం దాంతో మెలిగే తీరు.

ఇందులో దిగాలనుకునే శ్రోతలకి, ముఖ్యంగా పైలట్ కావాలని కలలు కంటున్న పిల్లల తల్లిదండ్రులకి నా మనవి ఇది. ఫ్లైట్‌గేర్‌కి ధర లేదు, ఎక్స్-ప్లేన్‌కి ఉచిత డెమో ఉంది. ముందు అది దించుకోండి, సెస్నా 172ని అందులో ఉన్న ఒక రన్‌వే మీద పెట్టండి, ఆ ఊరి ఎత్తుకి వెయ్యి అడుగులు కలిపి ఒక కాగితం మీద రాసుకోండి. ఎత్తు వంద అడుగులకి మించి అటూ ఇటూ పోకుండా, వేగం అయిదు నాట్లకి మించి తేడా రాకుండా వరసగా మూడు చుట్లు తిరిగి రన్‌వే మధ్యగీత మీద దిగడం వచ్చిందంటే మీ పునాది గట్టిపడినట్టే. అప్పుడు యాడ్-ఆన్‌ల అంగడికి వెళ్లండి. ప్రతి వస్తువు ముందూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది లేకపోవడం వల్ల ఈరోజు నేను చేయలేకపోతున్నది ఏమిటి? జవాబు వెంటనే తోస్తే కొనండి. తోచకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంకో చుట్టు తిరగండి.